మేరీ రాణి తాళపుచెవుల పెట్టె

లోకచరిత్రమున రాజులును రాణులును పెక్కుమంది యుద్ధములవలనను వ్యాధులవలనను నశించిరి. తన యుత్తరములను కాపాడుకొనజాలక శిరస్సును కోల్పోయిన రాణి యొకతె కలదు. ఆమె స్కాట్లండు దేశపు రాణియగు మేరీ. చరిత్ర పాఠమున ఆమె పేరు మన విద్యార్థులు విని యుందురు. ఆమె సౌందర్యమును గూర్చియు, దురదృష్టమును గూర్చియు, ఎలిజబెత్తు రాణితో ఆమెకు గలిగిన వైరమును గూర్చియు గ్రంథములు కోకొల్లలుగా నున్నవి. కాని ఆమె చేతిలో నుండిన గూఢలిపి తాళపుచెవుల సంగతి బాలురకు సాధారణముగా చెప్పబడదు. ఆ సంగతినే మేమీ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచితిమి.

ఇందులకు కారణ మొకటి కలదు. మా పై తరగతి విద్యార్థులు కంప్యూటరు గదిలో తాళపుచెవులను, సర్టిఫికెట్లను ఆజ్ఞాపంక్తులద్వారా భద్రపఱచు విధమును నేర్చుకొనుచు, ఇన్ని చెవు లేల, వీనికి పేర్లును గడువులును ఏల, ఒక్క చెవితో పని గడవదా యని మమ్ము ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు యంత్రశాస్త్రమున దొరకు సమాధానముకంటె ఒక మనుష్యుని జీవితమున దొరకు సమాధానము మనస్సున ఎక్కువగా నాటునని మాకు తోచినది.

మేరీ 1542వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీని లిన్లిత్గో రాజభవనమున జన్మించెను. ఆమె తండ్రి యగు అయిదవ జేమ్సు రాజు అప్పటికే వ్యాధిపీడితుడై యుండి, ఆఱు దినములకు మరణించెను. ఊయెలలోని శిశువు రాణి యయ్యెను. మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీని స్టర్లింగు కోటలో, ఇంకను మాటలు రాని ఆ బిడ్డకు పట్టాభిషేకము జరిగెను. ఇంగ్లండు రాజగు ఎనిమిదవ హెన్రీ ఆమెను తన కుమారునకు వివాహము చేయగోరి, స్కాట్లండు వా రందు కొడంబడకపోగా సైన్యములను పంపి ఆ దేశమును కాల్పించెను. అందుచేత తల్లియగు మేరీ డి గీజు, తన కుమార్తెను అయిదేండ్ల ప్రాయమున, 1548లో, ఓడనెక్కించి ఫ్రాన్సు దేశమునకు పంపెను.

ఫ్రెంచి రాజాస్థానమున ఆమె పెరిగెను. అచ్చటి భాషయే ఆమెకు జీవితాంతమువఱకు మనస్సులోని భాష యయ్యెను. 1558 ఏప్రిలు 24వ తేదీని పారిసు నగరపు నోత్రదాము దేవాలయమున యువరాజగు ఫ్రాన్సిసుతో ఆమె వివాహము జరిగెను. మఱుసటి యేడు ఆతడు రాజయ్యెను. ఆమె రెండు దేశముల రాణి యయ్యెను. ఆ భాగ్యము నిలువలేదు. 1560 జూను మాసమున తల్లియు, డిసెంబరు 5వ తేదీని భర్తయు మరణించిరి. పదునెనిమిదేండ్లు నిండుటకు మూడు దినములు ముందే ఆమె విధవ యయ్యెను.

1561 ఆగస్టు 19వ తేదీని ఆమె లీతు రేవున దిగి స్వదేశమున అడుగుపెట్టెను. ఆ దేశ మప్పటికి మాఱిపోయి యుండెను. అంతకుముందటి సంవత్సరమే స్కాట్లండు శాసనసభ రోమను మతమును వదలి సంస్కరణ మతమును స్వీకరించి యుండెను. జాను నాక్సు మొదలగు బోధకులకు ప్రజలలో గొప్ప పలుకుబడి యుండెను. రాణియో రోమను కథోలికురాలు. మన సంఘము సంస్కరణ మార్గమునకు చెందినది గావున, ఆమె పక్షమును తక్కువచేసి చెప్పు శోధన మనకు కలుగవచ్చును. చరిత్ర చెప్పువాడు తనవారికొక తూనికయు పరులకొక తూనికయు ఉంచుకొనరాదు. తన మతము తాను నిలుపుకొనుచు ప్రజల మతమును చెఱపకుండ ఆమె కొన్నియేండ్లు పాలించిన మాట నిజము.

1565 జూలై 29వ తేదీని ఆమె తన జ్ఞాతియగు డార్న్లీ ప్రభువును వివాహమాడెను. ఆతడు చపలచిత్తుడు, మద్యపానరతుడు. 1566 మార్చి 9వ తేదీ రాత్రి, ఆతడును కొందఱు ప్రభువులును రాణి భోజనశాలలో ప్రవేశించి, ఆమె కార్యదర్శియగు రిజియో యనువానిని ఆమె యెదుటనుండి యీడ్చుకొనిపోయి చంపిరి. ఆ కార్యదర్శి ఆమె విదేశపు టుత్తరములను వ్రాయువాడు. ఆ సమయమున ఆమె గర్భవతి. జూను 19వ తేదీని ఎడింబరో కోటలో ఆమెకు జేమ్సు అను కుమారుడు కలిగెను.

1567 ఫిబ్రవరి 10వ తేదీని డార్న్లీ యుండిన యిల్లు తుపాకిమందుతో పేల్చివేయబడెను. ఆతని శవము తోటలో కానవచ్చెను. ఆ హత్యకు బాధ్యుడని లోకమెల్ల అనుమానించిన బోత్వెలు ప్రభువును మే 15వ తేదీని రాణి వివాహమాడెను. ఆమె సమ్మతితోనో బలాత్కారముననో యను తర్కము నేటికిని ముగియలేదు. ప్రభువులు తిరుగబడిరి. ఆమెను లోక్‌లెవెను సరస్సు నడుమ నున్న కోటలో బంధించి, జూలై 24వ తేదీని ఆమెచేత రాజ్యత్యాగపత్రముపై సంతకము చేయించిరి. పదుమూడు నెలల ప్రాయము గల జేమ్సు రాజయ్యెను. 1568 మే 2వ తేదీని ఆమె కోటనుండి తప్పించుకొనెను. మే 13వ తేదీని లాంగ్‌సైడు యుద్ధమున ఓడిపోయెను. మే 16వ తేదీని చిన్న పడవలో సోల్వే అఖాతమును దాటి, సాయ మొసగునను నమ్మికతో ఎలిజబెత్తు రాజ్యమున అడుగిడెను. మేరీ ఆ రాణికి మేనత్త మనుమరాలు. అడుగిడిన నాటినుండి పందొమ్మిదేండ్లు పూర్తి కాకమునుపు ఆమె శవమై గాని ఆ చెఱనుండి విడువబడలేదు.

ఎలిజబెత్తు వెఱపునకు కారణము లేకపోలేదు. ఇంగ్లండు సింహాసనమునకు తన తరువాతి హక్కుదారు మేరీయే. కథోలికులలో పెక్కుమంది మేరీనే న్యాయమైన రాణిగా నెంచుచుండిరి. కావున ఆమెను విడువను భయము, చంపను భయము. ఆమె బంధింపబడిన తొలిదినములలోనే విచారణ సభ యొకటి కూడెను. ఆమె శత్రువులు వెండిపెట్టె యొకటి తెచ్చి, అందులోని యుత్తరములు బోత్వెలునకు ఆమె వ్రాసినవే యనిరి. అవి నిజముగా ఆమె వ్రాసినవో, కొన్ని కల్పితములో, మాటలు చేర్చబడినవో, నేటివఱకు పండితులు తేల్చలేకున్నారు. ఏలయనగా మూలపత్రములు 1584 తరువాత కానరాలేదు. ఒక వ్రాత ఎవరిదో నిశ్చయించు సాధనము లేనిచో ఎంతటి యపాయము కలుగునో ఆమె జీవితమున ఇది తొలి పాఠము. ఆ పాఠము ఆమెకు మఱల ఎదురుకానుండెను.

ఆమె కాలము టట్బరీ, షెఫీల్డు, వింగుఫీల్డు, చాట్సువర్తు మొదలగు కోటలలోను గృహములలోను గడచెను. పదునైదేండ్లకు పైగా ష్రూస్‌బరీ ప్రభువు ఆమెకు కావలి. ఆమె సూదిపనిచేసి చిత్రపటములు కుట్టుచుండెను, కుక్కపిల్లలను పెంచుచుండెను, కీళ్లనొప్పులచే బాధపడుచుండెను. సైన్యము లేదు, ధనము చాలదు, కుమారుని ముఖము చూచుటకు వీలులేదు. ఆమెకు మిగిలిన ఆయుధ మొక్కటియే: ఉత్తరము. ఆ యుత్తరము కావలివారి చేతబడినను చదువబడకుండుటకు గూఢలిపి కావలసి వచ్చెను.

గూఢలిపి యననేమో చిన్నవారికొఱకు వివరింతుము. ఒక్కొక్క అక్షరమునకు బదులు ఒక్కొక్క గుఱుతును ఏర్పఱచి, ఆ గుఱుతులతో వ్రాయుట గూఢలిపి. ఏ గుఱుతు ఏ యక్షరమునకో తెలుపు పట్టికయే దాని తాళపుచెవి. పట్టిక యొకటి వ్రాయువారి యొద్దను, ఒకటి చదువువారి యొద్దను ఉండవలెను. మూడవవానికి దొరకినచో తాళము తెఱవబడినట్లే. మేరీ ఒకే పట్టికతో అందఱకు వ్రాయలేదు. ఫ్రెంచి రాయబారి కొకటి, పారిసులోని తన ప్రతినిధి కొకటి, ఒక్కొక్క స్నేహితున కొక్కొక్కటిగా వేఱువేఱు పట్టికలు వాడెను. ఒక్కటి పోయినను తక్కినవి నిలుచునని ఆమె యెఱుగును. ఇది తెలివైన పద్ధతి. ఈ పట్టికల నుపయోగించు పని ఆమె కార్యదర్శులగు క్లోదు నో, గిల్బర్టు కర్లు అను నిద్దఱిది. ఆమె ఫ్రెంచిలో చెప్పుచుండగా నో చిత్తుప్రతి వ్రాయును. ఇంగ్లీషువారికి పోవలసినదానిని కర్లు భాషాంతరము చేసి గుఱుతులలోనికి మార్చును.

ఆమె తాళములన్నియు బలహీనములు కావు. 1575 మొదలు 1585 వఱకు లండనులో ఫ్రెంచి రాయబారిగా నుండిన మిషెలు డి కాస్తెల్నో దొరకు ఆమె వ్రాసిన యుత్తరములందు ఒకే యక్షరమునకు పెక్కు గుఱుతులు వాడబడినవి. జనుల పేర్లకును ఊళ్ల పేర్లకును వేఱు గుఱుతులుండెను. ఆ యుత్తరములు పారిసులోని జాతీయ గ్రంథాలయమున, ఇటలీ దేశ విషయములని తప్పుగా పేర్కొనబడి, కాగితముల నడుమ నాలుగు శతాబ్దములకు పైగా ఎవరికిని తెలియక పడియుండెను. 2023లో జార్జి లాస్రీ, నార్బర్టు బీర్మాను, సతోషి తొమోకియో అను మువ్వురు, కంప్యూటర్ల సాయముతోను ఓర్పుతోను యేబదియేడు ఉత్తరములను చదివి వెల్లడించిరి. అవి 1578 మొదలు 1584 వఱకు వ్రాయబడినవి. ఆ మువ్వురిలో నొకరు సంగీతాచార్యులు కూడ నగుట మన విద్యార్థులు గమనింపదగిన సంగతి. ఏ విద్యయు మఱియొక విద్యకు అడ్డము కాదు.

ఐనను చూడుడు. నాలుగు వందల యేండ్లు నిలిచిన ఆ తాళమే ఆమె బ్రతికియుండగానే ఆమెను కాపాడలేకపోయెను. 1583 నాటికే ఫ్రెంచి రాయబారి యింటిలో నొకడు ద్రోహియై, ఆ యుత్తరముల నకళ్లను ఎలిజబెత్తు మంత్రికి రహస్యముగా అందించుచుండెను. తాళము గట్టిదైనను, చెవి నుంచిన యింటిలో దొంగ యున్నచో ప్రయోజనమేమి?

ఆ మంత్రి పేరు సర్ ఫ్రాన్సిసు వాల్సింగాము. ఆతడు సంస్కరణ మతమున నిష్ఠ గలవాడు. తన రాణిప్రాణములకు అపాయము కలుగకుండ కాచుటయే తన ధర్మమని నమ్మినవాడు. ఆతని యొద్ద ఇద్దఱు నేర్పరు లుండిరి. థామసు ఫెలిప్సు గూఢలిపిని విప్పుటలో దిట్ట, పెక్కు భాషలెఱిగినవాడు. ఆర్థరు గ్రెగరీ ఉత్తరపు లక్కముద్రను ఎవరికిని తెలియకుండ విప్పి మఱల యథాప్రకారముగా అతికించుటలో దిట్ట. విప్పువా డొకడు, అతికించువా డొకడు. ఈ యిద్దఱి నడుమ మేరీ రాణి జీవితము చిక్కుకొనెను.

1585లో కావలి మాఱెను. సర్ ఏమియసు పాలెట్టు అను కఠినచిత్తుడు నియమింపబడెను. ఆతడు చాకలి స్త్రీలనుసహా శోధించి, లోపలికి వెలుపలికి ఒక్క కాగితమైనను పోకుండ కట్టడి చేసెను. ఆ యేడు చివఱ ఆమెను చార్ట్లీ గృహమునకు తెచ్చిరి. నెలలు గడచినను ఆమెకు బంధువుల వార్త లేదు. దప్పిగొన్నవానికి దొరకిన నీటినిబోలి 1586 జనవరిలో ఒక మార్గము కానవచ్చెను. గిల్బర్టు గిఫర్డు అను కథోలిక యువకుడు, బీరు పీపాల బిరడాలో ఉత్తరముల పొట్లము నుంచి లోపలికి వెలుపలికి చేర్చు నేర్పాటు చేసెను. రాణి సంతోషించి ఆ మార్గమును నమ్మెను. గిఫర్డు వాల్సింగాము మనుష్యుడని ఆమె యెఱుగదు. పీపా తెచ్చు వర్తకుడును పాలెట్టు నెఱిగినవాడే. ప్రతి యుత్తరమును మొదట ఫెలిప్సు బల్లమీదికి పోయి, చదువబడి, నకలు చేయబడి, మఱల ముద్ర వేయబడి, పిమ్మట చేరవలసినవారికి చేరుచుండెను. ఉత్తరము మోయు మనుష్యుని యోగ్యతను గూర్చి ఆమె యొద్ద నున్న సాక్ష్యము ఆతడే తెచ్చిన పరిచయమాట మాత్రమే.

ఆంటనీ బాబింగ్టను ఇరువదినాలుగేండ్ల ధనిక యువకుడు. ఆతడును ఆతని మిత్రులును ఎలిజబెత్తును చంపి, విదేశ సైన్యముల సాయమున మేరీని విడిపించి సింహాసన మెక్కింపవలెనని పన్నుగడ పన్నిరి. జూలై 6వ తేదీని ఆతడు ఆ పన్నుగడను మేరీకి గూఢలిపిలో వ్రాసెను. జూలై 17వ తేదీని ఆమె ప్రత్యుత్తరము పంపించెను. అందులో తన విడుదలకు కావలసిన అశ్వములను, మనుష్యులను, విదేశ సాయమును గూర్చి విచారించి, ఆ కార్యము జరిగిన పిదప ఏమి చేయవలెనో సూచించెను. ఆమెయందు మన కెంత కనికరము కలిగినను, మఱియొక రాణి ప్రాణమునకు కీడు తలపెట్టినవారికి ఆమె ప్రోత్సాహ మిచ్చెనను మాట దాచుట సత్యమునకు ద్రోహము. ఎంతవఱకు సమ్మతించెను అను దానిని గూర్చి చరిత్రకారులలో భేదాభిప్రాయములు కలవు. చెఱలో పదునెనిమిదేండ్లు గడచినవారి నిరాశను కూడ మనము తూచవలెను.

ఆ యుత్తరమునకు వాడిన తాళము కాస్తెల్నోకు వాడిన దానికంటె బలహీనమైనది. అక్షరములకు ఇరువదిమూడు గుఱుతులు. మాటలకు ముప్పది పైచిలుకు గుఱుతులు. చదువరిని తికమక పెట్టుటకు అర్థములేని గుఱుతులు నాలుగు. అక్షరము జంటయైనచో దానిని తెలుపు గుఱు తొకటి. ఇంతియే. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కటే గుఱుతైనచో, భాషలో ఏ యక్షరము ఎక్కువగా వచ్చునో ఆ గుఱుతే ఎక్కువగా వచ్చును. లెక్కించువానికి అది చాలును. తన్ను కప్పినదనుకొన్న తెర పలుచని గుడ్డయని తెలియక, ఆమె మఱింత విశ్వాసముతో మఱింత స్పష్టముగా వ్రాసెను. తాళము లేకుండుటకంటె బలహీనమైన తాళమును బలమైనదని నమ్ముట మఱింత అపాయకరమని దీనివలన తేలుచున్నది. తాళము లేనివాడు జాగ్రత్తగానైన నుండును.

ఫెలిప్సు ఆ యుత్తరమును విప్పి, దాని నకలుమీద ఉరికంబపు బొమ్మ గీచి వాల్సింగామునకు పంపెను. అంతతో ఆగలేదు. కుట్రలోని ఆఱుగురు ప్రముఖుల పేర్లు తెలుపుమని కోరుచు, రాణి గూఢలిపిలోనే ఒక యధికవాక్యమును కల్పించి అసలు ఉత్తరముచివఱ చేర్చెను. పట్టిక చేతిలో నున్నవాడు చదువుటయే కాదు, వ్రాయనుగూడ వ్రాయగలడు. బాబింగ్టనునకు వచ్చిన కాగితమున ఏది రాణి మాట, ఏది శత్రువు మాట, తెలిసికొనుటకు ఏ సాధనమును లేదు. గుఱుతులు సరిపోయినవి గావున వ్రాసినది రాణియే యని ఆతడు నమ్మెను. న్యాయమును కాపాడుచున్నామని చెప్పుకొనువారే ఇట్లు అబద్ధవ్రాత చేర్చుట, వారి పక్షము మన పక్షమైనను, మేము మెచ్చుకొనజాలము.

ఆగస్టు 11వ తేదీని పాలెట్టు మేరీని వేటకని వెలుపలికి తీసికొనిపోయెను. ఆమె చాలదినములకు గుఱ్ఱమెక్కి సంతోషించుచుండగా ఎదుట రౌతులు కనబడిరి. తన్ను విడిపింప వచ్చినవారేమో యని ఒక క్షణ మామె ఆశపడెనేమో యని వ్రాసిన చరిత్రకారులు కలరు. వారు ఆమెను నిర్బంధించుటకు వచ్చిన రాజభటులు. కార్యదర్శు లిద్దఱును అక్కడనే పట్టుబడిరి. ఆ సమయముననే చార్ట్లీలో ఆమె గదులు శోధింపబడి, పెట్టెలు నిండ కాగితములు రాణి సభకు పంపబడెను. వానిలో గూఢలిపి పట్టికలు పదులకొలదిగా దొరకినవి. ఏండ్లతరబడి వాడిన చెవు లన్నియు ఒకే గృహమున, ఒకే యజమానురాలి పెట్టెలలో నుండెను. పని తీఱినవి కాల్చబడలేదు. వేఱువేఱు చెవులు వాడిన ఆమె తెలివి, వాని నన్నిటిని ఒక్కచోట కూడబెట్టుటచేత వ్యర్థమయ్యెను. ఆ పట్టికలు నేటికిని ఇంగ్లండు జాతీయ దస్తావేజుల భాండారమున నున్నవి.

బాబింగ్టనును ఆతని సహచరులును సెప్టెంబరు 20, 21 తేదీలలో ఘోరశిక్ష పొందిరి. అక్టోబరు 14, 15 తేదీలలో ఫోదరింగే కోటలో మేరీ విచారణ జరిగెను. ఆమెకు న్యాయవాది లేడు. ఆమె తన చేవ్రాతగల మూలపత్రమును చూపుడని, తన కార్యదర్శులను ఎదుట నిలుపుడని అడిగెను. మూలపత్రము చూపబడలేదు, నకళ్లు చదువబడెను. కార్యదర్శులు రాలేదు, వారి వాఙ్మూలములు చదువబడెను. ఫెలిప్సు చేర్చిన యధికవాక్య మచ్చట చదువబడనే లేదు. ఆ మాసము 25వ తేదీని ఆమె దోషిగా నిర్ణయింపబడెను. ఎలిజబెత్తు చాలకాలము వెనుదీసి, 1587 ఫిబ్రవరి 1వ తేదీని మరణాజ్ఞపై సంతకము చేసెను.

ఫిబ్రవరి 8వ తేదీ తెల్లవాఱకమునుపు, చావునకు కొన్ని గంటలే మిగిలియుండగా, మేరీ తన మొదటి భర్త తమ్ముడగు ఫ్రెంచి రాజు మూడవ హెన్రీకి కడపటి యుత్తరము వ్రాసెను. సేవకుల జీతములు చెల్లింపుమని అందు కోరెను. ఆ యుత్తరమున గూఢలిపి లేదు. కాని ఆమె ఆ కాగితపు అంచునుండి సన్నని పట్టీని కోసి, మడిచిన కాగితమును ఆ పట్టీతోనే కుట్టినట్లు బిగించెను. పట్టీ తెగక ఆ యుత్తరము తెఱవబడదు. తెగినచో చదువరికి తెలియును. జీవితమంతయు తన మాటలను దాచుటకు శ్రమించిన రాణి, చివఱి రాత్రి మాటలను దాచుటకంటె అవి తనవే యని, ఎవరును ముట్టలేదని నిరూపించుటకు ఎక్కువ శ్రద్ధ చూపెను. ఆ యుత్తరము ఎడింబరోలోని స్కాట్లండు జాతీయ గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఆ దినము ఉదయమున, నలువదినాలుగేండ్ల ప్రాయమున, ఆమె ధైర్యముతో మరణమును పొందెను. ఆమె పెంచిన చిన్న కుక్క ఆమె వస్త్రముల మడతలలో దాగియుండెనని చూచినవారు చెప్పిరి.

ఆమె కుమారుడు 1603లో ఎలిజబెత్తు మరణానంతరము ఇంగ్లండునకును రాజయ్యెను. మన దొరలును దొరసానులును చదువు ఇంగ్లీషు బైబిలు, 1611లో ప్రచురింపబడినది, ఆ జేమ్సు రాజు ఆజ్ఞచేతనే సిద్ధమయ్యెను. మఱుసటి యేడు, 1612లో, ఆతడు పీటర్‌బరోనుండి తల్లి దేహమును వెస్ట్‌మినిస్టరు ఆలయమునకు మార్పించెను. ఎలిజబెత్తు సమాధియు ఆ ఆలయముననే యున్నది. జీవితమున ఒకరినొకరు ఎన్నడును ముఖాముఖిగా చూడని ఆ యిద్దఱు రాణులును ఇప్పుడొక్క కప్పు క్రింద నిద్రించుచున్నారు.

ఇక మా విద్యార్థుల ప్రశ్నకు వత్తము. నేటి తాళము మేరీ కాలపు తాళము వంటిది కాదు. నేడు ఒక్కొక్కనికి జంటచెవులు కలవు. ఒకటి బహిరంగము, దానిని లోకమంతటికి పంచవచ్చును. ఒకటి రహస్యము, దానిని ఎవరికిని ఈయరాదు. బహిరంగపు చెవితో మూసినది రహస్యపు చెవితోనే తెఱవబడును. రహస్యపు చెవితో వేసిన సంతకమును బహిరంగపు చెవితో ఎవరైనను పరీక్షింపవచ్చును. ఇట్టి సంతక ముండినచో ఫెలిప్సు అధికవాక్యము చేర్చిన క్షణమే బాబింగ్టను కనిపెట్టి యుండును.

కాని ఈ బహిరంగపు చెవి ఫలానావారిదే యని చెప్పువా రెవరు? అందులకే సర్టిఫికెట్టు. విద్యార్థి యొక బడినుండి మఱియొక బడికి పోవునపుడు టీ.సీ. తీసికొనిపోవును. క్రొత్త బడివారు ఆ బాలు నెఱుగరు. కాని ప్రధానోపాధ్యాయుని సంతకమును, బడి ముద్రను నమ్మి చేర్చుకొందురు. కంప్యూటరు సర్టిఫికెట్టును అట్టిదే. అందులో పేరును, బహిరంగపు చెవియు, చెల్లుబాటు మొదలగు తేదీయు ముగియు తేదీయు, సాక్ష్యమిచ్చిన సంస్థ సంతకమును ఉండును. గిఫర్డు తెచ్చిన పరిచయమాట కట్టి సంతకము లేదు.

ఈ చెవులను సర్టిఫికెట్లను ఒక సంకేతపదముతో మూసిన పెట్టెలో నుంతురు. జావా భాషతో కూడవచ్చు కీటూల్ అను పరికరమున, నల్లని తెరమీద ఒక్క పంక్తి ఆజ్ఞ వ్రాసినచో, ఆ పెట్టెలో నేమేమి యున్నవో జాబితా కనబడును. ప్రతి చెవికి ఒక మాఱుపేరు; ప్రతి సర్టిఫికెట్టునకు గడువు, వేలిముద్రవంటి సంఖ్య. ఒక యాజ్ఞచే సర్టిఫికెట్టును మాత్రము వెలుపలికి తీసి మిత్రునకు పంపవచ్చును. రహస్యపు చెవి లోపలనే యుండును. ఒక యాజ్ఞచే పని తీఱిన దానిని తొలగింపవచ్చును. జీ.పీ.జీ. యను మఱియొక పరికరమున, చెవిని చేసిననాడే దాని రద్దుపత్రమును కూడ తయారుచేసి వేఱుచోట దాచియుంచుదురు. చెవి శత్రువు పాలైన దినమున ఆ పత్రమును ప్రకటించినచో ఇక దానిని నమ్మవలదని అందఱకు తెలియును. మేరీ రాణికి ఇట్టి రద్దుపత్ర మొకటి యుండినచో ఎన్ని శిరస్సులు నిలిచియుండెడివో!

కావున బాలబాలికలారా, ఆజ్ఞాపంక్తి యెదుట కూర్చుండినపుడు ఈ రాణిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. జాబితాను అప్పుడప్పుడు చూచుచుండుడు. పెట్టెలో నేమున్నదో యెఱుగనివాడు పోయినదానిని కూడ నెఱుగడు. గడువు తీఱినదానిని ఉంచుకొనకుడు. రహస్యపు చెవిని స్నేహితునకైనను ఈయకుడు. క్రొత్తవాడు తెచ్చిన సర్టిఫికెట్టును వేలిముద్ర సరిచూడక చేర్చుకొనకుడు. సరిచూచుటయైనను ఆతడు తెచ్చిన మార్గమున గాక వేఱు మార్గమున చేయుడు. బలహీనమైన తాళమును నమ్మి నోరు విప్పకుడు.

తల్లిదండ్రులకును ఒక్క మనవి. మేమీ చరిత్రమును పిల్లలకు దాపరికము నేర్పుటకు చెప్పలేదు. నమ్మకమును కాపాడుట నేర్పుటకు చెప్పితిమి. నేడు మన కుటుంబముల ధనమును, వైద్యుని యొద్ద చెప్పుకొన్న సంగతులును, దూరదేశమున నున్న బిడ్డలు వ్రాయు మాటలును ఇట్టి తాళముల వెనుకనే యున్నవి. వానిని కాచువారు రేపు మన పిల్లలలోనుండియే రావలెను. ఆ పనికి తెలివి యెంత కావలెనో నిజాయితీయు అంత కావలెను. ఫెలిప్సు కావలసినంత తెలివి గలవాడు. అధికవాక్యము చేర్చునపుడు ఆతని నాపవలసినది తెలివి కాదు, మనస్సాక్షి. పెట్టెకు తాళము మనము వేయగలము. ఆ తాళపుచెవిని పట్టుకొన్న చేతిని నిర్మలముగా నుంచుట దైవభయము వలననే కలుగును. అట్టి చేతులను మా పాఠశాలనుండి దేశమునకు పంపు కృపను ప్రభువు మాకు దయచేయునుగాక.